లంక ఊరి ఇంట్లో ఫొటోలకు చోటు: శామ్‌సంగ్ టీ7 షీల్డ్‌తో ఏడాదిన్నర

మా ఇల్లు పి.గన్నవరం దగ్గర, వైనతేయ పాయ ఒడ్డున ఉన్న ఒక లంకలో ఉంది. 18 ఏళ్లుగా నేను తీసిన ఫొటోలు, వీడియోలు కలిపి ఇంచుమించు 57,000 ఫైళ్లు 340 జీబీల మేర నా లాప్‌టాప్‌లో పేరుకుపోయాయి. అంతర్వేది తీర్థం, 2015 పుష్కరాలు, జగ్గన్నతోటకు ఏటా కనుమనాడు తరలివచ్చే ప్రభలు, బడి పిల్లలు, మా ఇంటి పెళ్లిళ్లు, 2022 జూలై వరద అన్నీ అందులోనే ఉన్నాయి. లాప్‌టాప్ కొన్నప్పుడు పెట్టె మీద 512 జీబీ అని రాసి ఉన్నా విండోస్ చూపించేది 476 మాత్రమే. తయారీదారులు వెయ్యితో హెచ్చించి లెక్కగడితే విండోస్ 1,024తో లెక్కగడుతుంది. మన సొమ్ము ఎవరూ తినెయ్యలేదు. అందులో విండోస్, ఇతర ప్రోగ్రాములు, కాగితాలు 105 జీబీ పోగా, ఫొటోలు 340 ఆక్రమించగా, మిగిలింది 31 జీబీ. డిస్కు అంతగా నిండేసరికి లాప్‌టాప్ తెరుచుకోవడానికే ఆపసోపాలు పడటం మొదలుపెట్టింది. ఫొటోలను బయటి డిస్కుకు తరలించాలని నిర్ణయించుకుని కిందటేడు సంక్రాంతికి ముందు కాకినాడలో 1 టీబీ (వెయ్యి జీబీల) శామ్‌సంగ్ టీ7 షీల్డ్ అనే పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీని, అంటే చిప్పుల్లో సమాచారం దాచే చిన్న బయటి డిస్కును, కొన్నాను. రెండు వరద కాలాలు దానితో గడిపిన తరవాత ఈ సమీక్ష రాస్తున్నాను.

ఇంత చిన్న వస్తువు గురించి ఇంత పొడుగున ఎందుకు రాస్తున్నానో ముందే చెప్పాలి. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను ముంచిన తుపానులో మా పెంకుటింటి పైకప్పు లేచిపోయి, మా అమ్మ పెళ్లినాటి ఫొటోలతో సహా రెండు ఆల్బములు నీటిలో నాని ఒకదానికొకటి అతుక్కుపోయాయి. వాటిని విడదీయబోతే బొమ్మ ఒక కాగితం మీద, ముఖం మరో కాగితం మీద మిగిలాయి. మా అమ్మ యవ్వనంలో ఎలా ఉండేదో చూపించడానికి ఈనాడు మా ఇంట్లో ఒక్క ఫొటో కూడా లేదు. ఆ తరవాత డిజిటల్ కాలం వచ్చిందని ధైర్యపడ్డాను. కానీ 2013లో, పేరు చెప్పనవసరం లేని ఒక పోర్టబుల్ హార్డ్ డిస్కు, పని చేస్తూ ఉండగానే బల్ల మీదినుంచి జారి గచ్చు మీద పడింది. లోపల గడియారం ముల్లు కొట్టుకున్నట్టు టిక్కు టిక్కుమన్న ఆ చప్పుడు నాకిప్పటికీ గుర్తుంది. ఆ చప్పుడు విన్నవెంటనే కేబుల్ పీకేసి ఊరుకోవాలని, మళ్లీ మళ్లీ పెట్టి చూసినకొద్దీ లోపలి పళ్లెం ఇంకా గీరుకుపోతుందని నాకప్పుడు తెలియదు. నేను పదిసార్లు పెట్టి చూశాను. డేటా తిరిగి తీసేవారు 20,000 రూపాయలకు పైగా అడిగారు, ఎన్ని ఫొటోలు వస్తాయో మాత్రం చెప్పలేమన్నారు. ఆ విధంగా మూడేళ్ల ఫొటోలు పోయాయి.

అందుచేత ఈసారి కొనేముందు చాలా విచారించాను. తిరిగే హార్డ్ డిస్కులో పళ్లెం నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతూ ఉంటే, దాని మీద వెంట్రుక మందానికన్నా తక్కువ ఎత్తులో ఒక ముల్లు లాంటి భాగం కదులుతూ చదువుతుంది, రాస్తుంది. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే ఉండదు. పెన్‌డ్రైవులో ఉన్నట్టే సమాచారమంతా చిప్పుల్లో ఉంటుంది. టీ7 షీల్డ్ బరువు 98 గ్రాములు. జేబులో వేసుకుంటే తాళంచెవుల గుత్తి ఉన్నట్టే ఉంటుంది. చుట్టూ రబ్బరు తొడుగు ఉంది. 3 మీటర్ల ఎత్తు నుంచి పడినా తట్టుకుంటుందని తయారీదారు చెబుతున్నారు. మా మనవడి చేతినుంచి రెండుసార్లు అరుగు మీద పడింది, ఏమీ కాలేదు. దీనికన్నా ముఖ్యంగా, ఇది ఐపీ65 ప్రమాణానికి తయారైంది. దుమ్ము లోపలికి దూరదని, ఏ దిక్కునుంచి నీటి ధార కొట్టినా తట్టుకుంటుందని దాని అర్థం.

ఈ ఐపీ65 దగ్గరే మా ప్రాంతం వారు పొరబడే ప్రమాదం ఉంది గనుక వివరంగా చెబుతాను. మొదటి అంకె 6 దుమ్ముకు సంబంధించినది, రెండో అంకె 5 నీటి ధారకు సంబంధించినది. నీటిలో మునిగితే తట్టుకోవాలంటే ఆ రెండో అంకె 7 గాని 8 గాని కావాలి. అంటే వర్షంలో గొడుగు లేకుండా రేవు దాకా పరుగెత్తితే ఈ డిస్కుకు భయం లేదు. వరదనీరు ఇంట్లోకి వచ్చి బీరువా అడుగు అర మునిగితే మాత్రం ఈ ముద్రను నమ్ముకోకూడదు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటిన ఆ రోజుల్లో మా వీధిలోకి నడుము లోతు నీరు వచ్చింది. అప్పట్లో నా దగ్గర డెస్క్‌టాప్ కంప్యూటరు ఉండేది. దానిని, మానిటరును, ఇన్వర్టరు బ్యాటరీని చీకట్లో మెట్ల మీదుగా డాబా పైకి మోసేసరికి నా నడుము పట్టేసింది. పడవ వచ్చినప్పుడు వాటిని వదిలేసి వెళ్లక తప్పలేదు. డాబా మీద ఉన్న కంప్యూటరు తడవలేదు గాని, పునరావాస కేంద్రంలో ఉన్న నాలుగు రోజులూ నా ఆలోచనంతా దాని చుట్టూనే తిరిగింది. మా ప్రాంతంలో ఫొటోలు దాచే వస్తువుకు ఉండవలసిన మొదటి గుణం, పడవ ఎక్కేటప్పుడు మన ఒంటి మీదే వెంట రాగలగడం. ఆ పరీక్షలో ఈ డిస్కుకు నేను నూటికి నూరు మార్కులు వేస్తాను.

ఇక తరలింపు సంగతి. రాజమహేంద్రవరం నుంచి వచ్చిన మా మేనల్లుడు, "కట్ చేసి పేస్ట్ చేసేయండి మావయ్యా, పది నిమిషాల పని" అన్నాడు. ఆ సలహా నేను పాటించలేదు, ఎవరూ పాటించవద్దని మనవి. ఒక డిస్కు నుంచి మరో డిస్కుకు కట్ చేసి పంపినప్పుడు కంప్యూటరు ఒక్కో ఫైలునూ కాపీ చేసి, పాతదాన్ని చెరిపేస్తుంది. కొత్తది సరిగ్గా చేరిందో లేదో తిరిగి చదివి చూడదు. మధ్యలో కరెంటు పోయినా, కేబుల్ కదిలినా సగం ఇక్కడ, సగం అక్కడ ఉండి, ఏది ఎక్కడుందో తెలియని స్థితి వస్తుంది. ముందు కాపీ చేయాలి, తరవాత సరిచూడాలి, ఆ తరవాతే పాతవి తొలగించాలి. ఈ మూడు పనుల మధ్య ఒక రాత్రి నిద్ర కూడా ఉంటే ఇంకా మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే అలిసిపోయి ఉన్న మనిషి ఏ ఫోల్డరును చెరిపేస్తున్నాడో గమనించడు.

మొదట కేబుల్‌ను లాప్‌టాప్‌కు ఎడమవైపు పోర్టులో పెట్టాను. దాదాపు మూడు గంటలు పడుతుందని కంప్యూటరు చూపింది. సెకనుకు 1,000 మెగాబైట్లు రాయగలదని పెట్టె మీద ఉన్న డిస్కు 35 దగ్గర ఆగిపోవడం చూసి మనసు చివుక్కుమంది. లోపం డిస్కుది కాదు. ఆ పోర్టు పాతకాలపు యూఎస్‌బీ 2.0. లోపల నీలిరంగు నాలుక ఉన్న కుడివైపు యూఎస్‌బీ 3.0 పోర్టుకు మార్చగానే వేగం 280 ప్రాంతానికి పెరిగింది, మొత్తం 340 జీబీలు 22 నిమిషాలలో చేరాయి. పెట్టె మీది వేగం అందుకోవాలంటే పోర్టు కూడా సెకనుకు 10 గిగాబిట్లది కావాలి, ఫైళ్లు పెద్దవిగా ఉండాలి. వేల సంఖ్యలో చిన్న ఫొటోలు పంపేటప్పుడు ఏ డిస్కుకైనా వేగం తగ్గుతుంది. నా అవసరానికి ఆ వేగం చాలా ఎక్కువే. ఏళ్లనాటి లాప్‌టాప్ ఉన్నవారు మాత్రం వేగం కోసం అదనపు సొమ్ము పోసేముందు తమ పోర్టు ఏదో చూసుకోవడం అవసరం.

పెద్ద వీడియోల విషయంలో నాకు పాత అనుభవం ఒకటి ఉంది. గంగలకుర్రు ప్రభ కౌశిక కాలువలో దిగి, భుజాల లోతు నీటిలో మోసేవారి కేకల మధ్య అవతలి గట్టు ఎక్కేదాకా కెమెరా ఆపకుండా తీసిన వీడియో 6 జీబీ దాకా వచ్చింది. దానిని పాత పెన్‌డ్రైవులోకి పంపబోతే, చోటు ఉన్నా సరే, ఫైలు మరీ పెద్దదని కంప్యూటరు ఒప్పుకోలేదు. ఆ పెన్‌డ్రైవు, డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతులలో పాతదైన ఫ్యాట్32 పద్ధతిలో ఉంది; ఆ పద్ధతిలో ఒక ఫైలు 4 జీబీ మించకూడదు. టీ7 షీల్డ్ ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో సిద్ధమై వస్తుంది గనుక ఆ అడ్డు లేదు. పైగా విండోస్, మ్యాక్ రెండింటిలోనూ చదవడం, రాయడం కుదురుతుంది. అయితే ఎక్స్‌ఫ్యాట్‌కు ఒక బలహీనత ఉంది. రాస్తూ ఉండగా కేబుల్ పీకితే, విండోస్ తన సొంత డిస్కుకు వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతి జరుగుతున్న పనిని ఒక చిట్టాలో రాసుకుని కొంత సర్దుకోగలుగుతుంది. ఎక్స్‌ఫ్యాట్‌కు ఆ చిట్టా లేదు. కనుక కేబుల్ తీసే ముందు తెర కింది వరసలో డిస్కును తీయడానికి ఉండే గుర్తు నొక్కి, తీయవచ్చునన్న మాట వచ్చేదాకా ఆగాలి.

సరిచూడటానికి నేను టెరాకాపీ అనే ప్రోగ్రామును వాడాను. అది ప్రతి ఫైలులోని సమాచారమంతటినీ లెక్కలో వేసి ఒక సంఖ్యను తీస్తుంది. పాత ఫైలుకూ కొత్త ఫైలుకూ ఆ సంఖ్య ఒకటే అయితే రెండూ అచ్చంగా ఒకటే. ఈ సరిచూపుకు మరో 25 నిమిషాలు పట్టింది. అయితే అంతకుముందు విండోస్ కాపీ చేయలేక వదిలేసిన 11 ఫైళ్లు ఇక్కడ బయటపడ్డాయి. అవన్నీ మా పెద్ద మేనకోడలి పెళ్లి ఫోల్డరులోవే. కారణం వెతికితే, ఫోల్డరులో ఫోల్డరు పెట్టుకుంటూ, ఒక్కోదానికీ పెళ్లి శుభలేఖంత పొడుగు పేరు పెట్టింది నేనే. విండోస్‌లో ఫైలు దారి మొత్తం 260 అక్షరాలు దాటితే మామూలు కాపీ తరచుగా విఫలమవుతుంది. పేర్లు కుదించగానే పదకొండూ వెళ్లాయి. సరిచూడకుండా కట్ చేసి, వచ్చిన హెచ్చరికను దాటేసి, మిగిలిన ఫోల్డరును చెత్త అనుకుని చెరిపేసి ఉంటే, తలంబ్రాల ఫొటోలు పదకొండు ఈపాటికి లేకుండా పోయేవి.

తొలగించేటప్పుడు రెండు విషయాలు చూసుకోవాలి. చెరిపిన ఫైళ్లు రీసైకిల్ బిన్‌లోనే కూర్చుంటాయి. దానిని ఖాళీ చేసేదాకా చోటు తిరిగి రాదు. రెండోది ఇంకా ముఖ్యం. కంప్యూటరులోని ఫొటోల ఫోల్డరు వన్‌డ్రైవ్ వంటి క్లౌడుతో, అంటే నెట్ ద్వారా కంపెనీవారి కంప్యూటర్లలో దాచుకునే చోటుతో, ముడిపడి ఉంటే, ఇక్కడ చెరిపినది అక్కడా చెరిగిపోతుంది. ఇది తెలియక, క్లౌడులో ఎలాగూ ఉన్నాయి కదా అనే ధైర్యంతో చెరిపేసినవారు మా తోటి ఉపాధ్యాయులలోనే ఉన్నారు. ముందు ఆ ముడిని విప్పి, లేదా ఆ ఫోల్డరు బయటికి ఫొటోలను మార్చి, తరవాత చెరపాలి. గూగుల్ ఫొటోస్ 2021 జూన్ 1 నుంచి ఉచిత అపరిమిత నిల్వను ఆపేసి 15 జీబీకి పరిమితం చేయడంతో, నాలాగా 340 జీబీ ఉన్నవారికి క్లౌడు అంటే నెలనెలా అద్దె. అద్దె కట్టడం తప్పని నేననను. మా లంకలో వానాకాలం నెట్ వేగంతో అంత సమాచారం పైకి పంపడానికి ఎన్ని రోజులు పడుతుందో లెక్కగట్టుకుని మానుకున్నాను.

కాపీ చేసిన ఫైళ్లకు సృష్టి తేదీ కాపీ చేసిన రోజుదే పడుతుంది. కెమెరాతో తీసిన ఫొటోలో అసలు తేదీ లోపలే రాసి ఉంటుంది గనుక ఇబ్బంది లేదు. స్కాన్ చేసిన పాత ఫొటోలకు ఆ సౌకర్యం ఉండదు. అందువల్ల వాటి పేర్లలోనే సంవత్సరం ముందుగా వచ్చేటట్టు మార్చుకున్నాను. ఫొటోలను సర్ది, దిద్దే లైట్‌రూమ్ వంటి ప్రోగ్రాములు వాడే స్టూడియోవారు మాత్రం ఫొటోలను ఆ ప్రోగ్రాము లోపలినుంచే జరపాలి. బయటినుంచి జరిపితే దాని పట్టికలో ప్రతి ఫొటో దగ్గరా దొరకలేదన్న గుర్తు పడుతుంది.

ఈ సమీక్షలో నేను గట్టిగా చెప్పదలచిన మాట ఇప్పుడు చెబుతాను. లాప్‌టాప్‌లో అలాగే చెరిపేసి ఉంటే, ఆ క్షణం నుంచి ఈ చిన్న డిస్కే నా 18 ఏళ్లకూ ఏకైక ప్రతి అయ్యేది. ఎంత గట్టి వస్తువైనా, ఎంత పేరున్న కంపెనీదైనా, ఒక్కటే ఉన్నప్పుడు అది దాపు కాదు. అమ్మే దుకాణాలు చోటు ఖాళీ అవుతుందనే చెబుతాయి గాని, ఇలా తరలించడం బ్యాకప్ (ఒకటి పోయినా ఆదుకునే అదనపు ప్రతి) కాదని చెప్పవు. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 అనే పద్ధతి ఒకటి ఉంది: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే చోట. అందుకని పాతవి చెరపకముందే, 2 టీబీ తిరిగే హార్డ్ డిస్కులు రెండు కొని, వాటిలోకీ ఎక్కించాను. వాటికి ఒక్కోదానికి గంటన్నర పట్టింది. మొదట జోరుగా మొదలై, కొంతసేపటికి వేగం సగానికి పడిపోయింది. ఒకటి మా ఇంట్లో డాబా మీది గదిలో ఉంది. రెండోది రాజమహేంద్రవరంలో మా అక్కయ్య ఇంటి రెండో అంతస్తులో ఉంది. వైనతేయ ఎంత పొంగినా అక్కడికి రాదు. అప్పుడు గాని నా లాప్‌టాప్‌లోని ఫోల్డరును చెరపడానికి నా చెయ్యి ముందుకు పోలేదు.

టీ7 షీల్డ్‌లో పాస్‌వర్డ్ పెట్టుకునే సదుపాయం, 256 బిట్ల గుప్తీకరణ ఉన్నాయి. వ్యాపార కాగితాలు మోసేవారికి అది అవసరం. నేను పెట్టలేదు. పాస్‌వర్డ్ మరిచిపోతే లోపలివి తిరిగి రావు, రేపు నాకు ఏమైనా అయితే మా ఆవిడా పిల్లలూ వీటిని తెరవగలగాలి.

మా గాలిలో తేమ, దానికి తోడు సముద్రం నుంచి వచ్చే ఉప్పు, లోహపు కొసలను తినేస్తాయి. కెమెరా లెన్సులకు బూజు పట్టడం ఇక్కడ అందరికీ తెలిసినదే. డిస్కులను కేబుళ్లతో సహా గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో ఉంచుతున్నాను. బియ్యం డబ్బాలో పెట్టమని కొందరు చెబుతారు గాని, తౌడు పొడి పోర్టులోకి దూరుతుంది గనుక వద్దు. ఎస్‌ఎస్‌డీకి మరో స్వభావం ఉంది. ఏళ్ల తరబడి విద్యుత్తు తగలకుండా పడి ఉంటే చిప్పుల్లో సమాచారాన్ని నిలిపి ఉంచే విద్యుదావేశం కొద్దికొద్దిగా తరుగుతుంది, వేడి దానిని తొందరపెడుతుంది. అందుచేత ఒకసారి నింపి బీరువాలో పడేసి పదేళ్ల తరవాత తీసేవారికి ఎస్‌ఎస్‌డీ తగదు. తిరిగే డిస్కు నయం. తరచుగా వాడుతూ, వెంట తీసుకువెళ్లేవారికి ఎస్‌ఎస్‌డీ తగినది. నేను కొన్ననాడు అదే సామర్థ్యం గల తిరిగే డిస్కుకన్నా దీని ధర దాదాపు రెట్టింపు ఉంది. డబ్బు చూసుకోవలసినవారు ఈ ఒక్కటి కొనే బదులు తిరిగే డిస్కులు రెండు కొనడమే సబబు.

కొనేచోట మరో జాగ్రత్త ఉంది. నేను కొన్న దుకాణంలో, "మేష్టారూ, బిల్లు మీద సీరియల్ నంబరు కూడా వేస్తాను, మూడేళ్లు జాగ్రత్త చేసుకోండి" అని దుకాణదారు తానే రాసిచ్చాడు. అలాంటి చోటే కొనాలి. ఆన్‌లైన్‌లో 16 టీబీ డిస్కు వెయ్యి, రెండు వేల రూపాయలకు వస్తోందంటే అది మోసం. లోపల చిన్న మెమరీ కార్డు పెట్టి, కంప్యూటరుకు మాత్రం 16 టీబీ అని చూపేటట్టు తయారుచేస్తారు. కొంత చోటు నిండాక, రాసినట్టే కనిపిస్తూ ఫైళ్లు పాడవుతాయి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాము డిస్కు నిండా రాసి, తిరిగి చదివి చూస్తుంది. ఏ డిస్కు కొన్నా, ఫొటోలు ఎక్కించకముందే, దానితో ఒకసారి పరీక్షించడం మంచిది. నాది మొత్తం 931 జీబీలూ పొల్లుపోకుండా నెగ్గింది.

ఏటా రెండుసార్లు, సంక్రాంతికి ప్రభల ఫొటోలు ఎక్కించేటప్పుడు ఒకసారి, జూన్‌లో వరదలకు ముందు ఒకసారి, ఇంట్లోని రెండు డిస్కులనూ తీసి టెరాకాపీతో మొత్తం చదివిస్తున్నాను. అక్కయ్య ఇంట్లో ఉన్నది దసరాకు వెళ్లినప్పుడు చూస్తాను. ఇప్పటికి ఒక్క ఫైలూ తప్పలేదు. లాప్‌టాప్‌లో 350 జీబీలకు పైగా ఖాళీ ఉంది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరవేసిన రోజున ఇంట్లోంచి ఏవి తీసుకువెళ్లాలో రాసి తలుపు వెనక అంటించిన కాగితంలో, పట్టాదారు పుస్తకం తరవాత, మందుల సంచికి ముందు, ఈ డిస్కు పేరు కూడా చేర్చాను.